చెరసాలలోని వార్తాహరులు



యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం ఆదివారపు దివ్యబలిపూజలో మనకు వినిపించదు. కనుక ఇంట్లో పవిత్ర గ్రంథం ఉన్నవారు ఈ వారం ఒక సాయంత్రం, కుటుంబ జపమాల అయిన తరువాత, ఆ అధ్యాయం తెరచి చదువుకోవాలని మనవి. అది చలికాలం. యెహోయాకీము రాజు శీతకాలపు మేడలో కూర్చున్నాడు. ఎదుట కుంపటి మండుతోంది. యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను ఒక ఉద్యోగి రాజుకు చదివి వినిపిస్తున్నాడు. మూడు నాలుగు భాగాలు చదవగానే రాజు చాకు తీసుకొని అంతవరకు కోసి నిప్పులో పడవేస్తున్నాడు. మళ్ళీ చదవడం, మళ్ళీ కోయడం. చుట్ట అంతా కాలిపోయేదాకా అదే పని. ముగ్గురు ఉద్యోగులు "వద్దు ప్రభూ" అని బతిమాలారు. రాజు వినలేదు. పైగా వ్రాసినవానినీ చెప్పినవానినీ పట్టుకొని రమ్మని మనుషులను పంపాడు.

గమనించండి, రాజు ఆ గ్రంథాన్ని చదవకుండా కాల్చలేదు. ప్రతి మాటా విని మరీ కాల్చాడు. అందులో అబద్ధం ఉందని ఎవరిచేతా నిరూపింపజేయలేదు. బబులోనియా రాజు వస్తాడు, దేశం పాడవుతుంది అన్న వార్త ఆయనకు నచ్చలేదు, అంతే.

తరువాత సిద్కియా రాజయ్యాడు. ఆయన కాలంలో యిర్మీయా తన వాటా పొలం పని మీద యెరూషలేము వదలి వెళుతుండగా బెన్యామీను ద్వారం వద్ద కావలివాడు పట్టుకున్నాడు. "నీవు శత్రువుల పక్షాన చేరిపోతున్నావు" అన్నది ఆరోపణ. ప్రవక్త కాదన్నాడు. ఎవరూ వినలేదు. కొట్టి, కార్యదర్శి ఇంటినే చెరసాలగా మార్చి అందులో వేశారు. ఆ తరువాత జరిగినదే నాకు ఈ గ్రంథంలో అన్నిటికంటె ఆశ్చర్యంగా తోచే సంగతి. సిద్కియా రాజు ఆ ఖైదీని రహస్యంగా పిలిపించుకొని, దేవుని యొద్దనుండి ఏమైనా కబురు వచ్చిందా అని అడిగాడు. చుట్టూ తియ్యని మాటలు చెప్పే ప్రవక్తలు ఎందరో ఉన్నారు. రెండేళ్ళలో కష్టాలన్నీ తీరిపోతాయని హనన్యా అనేవాడు జనం ముందు చెప్పాడు కూడా. అయినా నిజం కావలసి వచ్చినప్పుడు రాజు వెళ్ళింది వారి దగ్గరకు కాదు, తాను చెరలో పెట్టిన మనిషి దగ్గరకు.

ఇదంతా రెండువేల ఆరువందల సంవత్సరాల క్రిందటి కథ అని పుస్తకం మూసివేయలేము. పాత్రికేయుల రక్షణ కోసం న్యూయార్కులో పనిచేసే 'కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్' అనే సంఘం ప్రతి సంవత్సరం డిసెంబరు 1వ తేదీన ప్రపంచంలోని జైళ్ళలో ఎందరు పాత్రికేయులున్నారో లెక్క తీస్తుంది. 2024 డిసెంబరు 1న ఆ లెక్క 361. చైనాలో 50 మంది, ఇజ్రాయేలు నిర్బంధంలో 43 మంది, మయన్మారులో 35 మంది. వీరిలో చాలామందిపై మోపబడిన నేరాలు వినండి: దేశద్రోహం, విదేశీ శక్తులతో కుమ్మక్కు, తీవ్రవాదం. బెన్యామీను ద్వారం దగ్గర కావలివాడు అన్నమాటే.

14వ లియో జగద్గురువులు 2025 మే 8న ఎన్నికై, నాలుగు రోజులకే వార్తా ప్రతినిధులను కలుసుకున్నారు. ఆ మొదటి సమావేశంలోనే చెరసాలలలో ఉన్న పాత్రికేయులను తలచి, వారిని విడుదల చేయాలని కోరారు. సత్యాన్ని వెదకినందుకు, దానిని చెప్పినందుకు వారు చెరలో ఉన్నారని, వారి బాధ దేశాల మనస్సాక్షిని ప్రశ్నిస్తున్నదని వారి మాటల భావం.

ఇక్కడ మన విచారణలలో నేను తరచుగా వినే ఒక మాట ఉంది. "అన్నీ అబద్ధాలే ఫాదర్ గారూ. ఒక పేపరు ఒక పార్టీది, ఇంకొకటి ఇంకో పార్టీది. ఏ టీవీ పెట్టినా వాళ్ళ మనుషుల గొప్పలే. ఎవర్ని నమ్మమంటారు?" పూజ అయ్యాక గుడి అరుగుల మీద ఈ మాట అనేవారు అజ్ఞానులు కారు. వారి కోపానికి కారణం ఉంది. 2009 ఎన్నికలలో మన రాష్ట్రంలోనూ ఇతర రాష్ట్రాలలోనూ అభ్యర్థుల దగ్గర డబ్బు పుచ్చుకొని వారి ప్రకటనలను వార్తలుగా అచ్చువేశారు. పాఠకుడు వార్త అనుకొని చదివినది నిజానికి బేరం. సొమ్ము ఇవ్వనివాని పేరు కొన్ని పేజీలలో కనబడనే లేదు. దీనికి 'పెయిడ్ న్యూస్' అన్న పేరు అప్పుడే మన వాడుకలోకి వచ్చింది. ఇటువంటి పనిని శ్రీసభ సత్యోపదేశం ఎనిమిదవ ఆజ్ఞ క్రిందనే లెక్కిస్తుంది. అచ్చు యంత్రంతో పలికినా అబద్ధ సాక్ష్యం అబద్ధ సాక్ష్యమే.

అయితే ఈ సంగతి మనకు ఎవరు చెప్పారు? పాత్రికేయులే. ఆంధ్రప్రదేశ్ పాత్రికేయుల సంఘం దీనిమీద గొంతెత్తింది. భారత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేస్తే, ఆ ఇద్దరూ పాత్రికేయులే: ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, మరొకరు మన తెలుగువారు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారు పత్రికల పేర్లతో సహా నివేదిక వ్రాశారు. కౌన్సిల్ మొదట దానిని పూర్తిగా బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం వచ్చాకనే జనం చేతికి అందింది. కనుక "అన్నీ అబద్ధాలే" అన్నవారు కూడా ఆ మాట అనగలుగుతున్నది ఎవరో ఒక నిజాయితీ గల విలేకరి నిజం చెప్పినందువల్లనే. దొంగ వైద్యుణ్ణి మంచి వైద్యుడు పట్టి ఇచ్చినప్పుడు మనం ఇద్దరినీ కలిపి తిట్టము కదా!

ఈ విషయంలో శ్రీసభ మన కళ్ళ ముందు నిలిపిన ఒక పునీతుడున్నారు. మన వద్ద ఆయన పేరు ఇంకా అంతగా వ్యాపించలేదు. కార్మెల్ మఠసభకు చెందిన గురువు, హాలెండు దేశస్థుడు, పునీత తీతు బ్రాండ్స్మా. 1881 ఫిబ్రవరి 23న ఫ్రీస్లాండు ప్రాంతంలో పాడి రైతు కుటుంబంలో పుట్టారు. చిన్ననాటి నుండి ఆరోగ్యం అంతంతమాత్రమే. పండితుడు, నైమేఖెన్ కతోలిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై 1932-33లో దాని అధిపతిగానూ పనిచేశారు. వీటన్నిటితోపాటు పత్రికలకు వ్రాసేవారు. 1935లో కతోలిక పాత్రికేయుల సంఘానికి ఆధ్యాత్మిక సలహాదారుగా నియమితులయ్యారు. ఆ రోజులలో హాలెండులో కతోలికులకు ముప్పైకి పైగా దినపత్రికలుండేవి. మనవంటివారికి ఊహకే అందని సంగతి.

1940 మే నెలలో జర్మను నాజీ సైన్యాలు హాలెండును ఆక్రమించుకున్నాయి. ఒకటొకటిగా ఆంక్షలు వచ్చాయి. 1941 చివరిలో పత్రికలకు ఒక ఆజ్ఞ వచ్చింది: హాలెండులోని నాజీ పార్టీవారు ఇచ్చే ప్రకటనలను ఏ పత్రికా కాదనరాదు. పైకి చూస్తే ఇది ఎంత చిన్న విషయం! వార్తలు వ్రాయవద్దు అనలేదు, పత్రిక మూసివేయమనలేదు. డబ్బు ఇచ్చి వేయించుకునే ప్రకటన వేయండి అన్నారు, అంతే. సంపాదకులలో కొందరు ఊగిసలాడారు. వేయకపోతే పత్రిక పోతుంది, పత్రిక పోతే వందలాది మంది జీతాలు పోతాయి. పనివారికి భార్యాబిడ్డలున్నారు.

ఉట్రెఖ్ట్ అగ్రపీఠాధిపతి యాన్ డి యాంగ్ గారి తరఫున తీతు గురువుగారు ఒక లేఖ సిద్ధం చేశారు. ఆ ప్రకటనలను అంగీకరించిన పత్రిక ఇక కతోలిక పత్రిక అనిపించుకోజాలదు అన్నది దాని సారం. టపాలో పంపి ఊరుకోలేదు. 1942 జనవరి మొదటి రోజులలో, ఆ దేశపు చలిలో, అరవై ఏళ్ళ జబ్బు మనిషి రైళ్ళెక్కి ఊరూరు తిరిగి సంపాదకుల ఎదుట కూర్చొని మాట్లాడారు. ఇది ఆజ్ఞగా కాక వారి అంతరాత్మకు చెప్పవలసిన సంగతిగా ఆయన భావించారు. వారికి రాబోయే కష్టాన్ని దాచలేదు. నాజీ పోలీసులు ఆయన వెంట నీడలా ఉన్నారు. పనంతా పూర్తి కాకమునుపే జనవరి 19వ తేదీ సాయంత్రం నైమేఖెన్ మఠంలో ఆయనను అరెస్టు చేశారు.

ష్కెవెనింగెన్ జైలు, ఆమెర్స్‌ఫూర్ట్ శిబిరం, చివరకు జర్మనీలోని డాఖావు. జైలు గదిలో ఒంటరిగా ఉండగా దానిని మఠంలోని తన గదిలాగే చూసుకున్నారు, ప్రార్థించారు, వ్రాసుకున్నారు. మీ వారు హాలెండులోని నాజీ పార్టీని ఎందుకు ఎదిరిస్తున్నారో వ్రాసి ఇమ్మని అధికారి అడిగితే, ఉన్న కారణం ఉన్నట్లు వ్రాసి ఇచ్చారు. తెలివిగా మెత్తని జవాబు వ్రాసి ఉంటే బయటపడేవారేమో! 1942 పవిత్ర శుక్రవారం నాడు ఆమెర్స్‌ఫూర్ట్‌లో తోటి ఖైదీలకు క్రీస్తు శ్రమల గురించి ప్రసంగించారు. వినేవారిలో కతోలికులు కానివారూ ఉన్నారు. జూన్ నెలలో డాఖావు చేరారు. అక్కడ దివ్యసత్ప్రసాదాన్ని దొంగచాటుగా, కళ్ళజోడు డబ్బాలో దాచి ఒకరికొకరు అందించుకునేవారు. ఆరోగ్యం పూర్తిగా క్షీణించింది. 1942 జూలై 26వ తేదీ ఆదివారం మధ్యాహ్నం శిబిరపు ఆసుపత్రిలో విషపు సూదిమందుతో ఆయనను చంపారు.

ఆ ఆదివారానికే ఇంకొక సంగతి జతగా ఉంది. అదే రోజున హాలెండులోని కతోలిక దేవాలయాలన్నిటిలో పీఠాధిపతుల లేఖ ఒకటి చదివి వినిపించారు. యూదులను రైళ్ళలో ఎక్కించి తీసుకుపోవడాన్ని అది బహిరంగంగా ఖండించింది. పత్రికలు నోరు మెదపలేని దినాలలో ఆ వార్త పూజాపీఠం దగ్గరనుండి వెలువడింది. నాజీలు దానికి ప్రతీకారంగా జ్ఞానస్నానం పొందిన యూదులను పట్టుకున్నారు. కార్మెల్ మఠకన్య ఈడిత్ స్టెయిన్ ఆగస్టు 2న అరెస్టయి, 9వ తేదీన ఆష్‌విట్జ్‌లో మరణించారు. నిజం పలికితే ఎవరు మూల్యం చెల్లిస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. ఆ లేఖ చదవకపోయి ఉంటే బాగుండేదా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కిస్తూనే ఉన్నారు. నాకు మాత్రం, చదవని దేవాలయంలో ఆ ఆదివారం దివ్యబలి ఎలా సాగేదో ఊహకు రావడం లేదు.

ఒక ప్రకటన కోసం ప్రాణం ఇవ్వవచ్చునా? 2009లో మన దగ్గర ప్రకటనకూ వార్తకూ మధ్య గీత చెరిపివేసినవారికి ఈ ప్రశ్న వింతగా ఉండవచ్చు. తీతు గురువుగారికి ఆ గీత ఎక్కడ ఉందో తెలుసు. రోజూ పొద్దున్నే తలుపు దగ్గరకు వచ్చే కాగితాన్ని తల్లిదండ్రులు నమ్ముతారు, పిల్లలకు చదివి వినిపిస్తారు. అందులో ద్వేషం ఒక మూల చోటు కొనుక్కుంటే, ఆ ఇంట్లో కూడా దానికి ఒక మూల దొరుకుతుంది.

పునీతులైన పాత్రికేయులు సరే. మామూలు పాత్రికేయుల మాట ఏమిటి? చెరలో ఉన్న 361 మందీ పునీతులు కారు. హాంగ్‌కాంగ్‌లోని జిమ్మీ లాయ్ గారి సంగతి తీసుకుందాం. పన్నెండేళ్ళ వయసులో చైనానుండి చేపల పడవలో దాగి హాంగ్‌కాంగ్ చేరి, బట్టల మిల్లులో కూలికి కుదిరి, క్రమంగా వస్త్ర వ్యాపారంలో ధనవంతుడై, 1995లో 'ఆపిల్ డైలీ' అనే దినపత్రిక పెట్టారు. 1997లో కతోలిక జ్ఞానస్నానం పొందారు. ఆయన పత్రిక భక్తి పత్రిక ఏమీ కాదు. సినిమా వారి గుసగుసలు, రక్తపు ఫోటోలు చాలానే వేసింది. 1998లో, భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక వ్యక్తికి డబ్బు ఇచ్చి సిగ్గుమాలిన ఫోటోలు తీసి ప్రచురించింది. జనం మండిపడ్డారు. పత్రిక మొదటి పేజీలోనే క్షమాపణ అడిగింది. ఆ పత్రికే చైనా ప్రభుత్వాన్ని ప్రశ్నించడంలోనూ ముందు నిలిచింది.

2020లో జాతీయ భద్రతా చట్టం వచ్చింది. ఆగస్టులో లాయ్ గారిని అరెస్టు చేశారు. డిసెంబరు 31న మళ్ళీ జైలుకు పంపారు. ఆయనకు బ్రిటిష్ పౌరసత్వం ఉంది, డబ్బు ఉంది, ముందే విమానం ఎక్కి పోవచ్చు. పోలేదు. 2021 జూన్ 17న సుమారు 500 మంది పోలీసులు పత్రికా కార్యాలయంలోకి వచ్చారు. బ్యాంకు ఖాతాలు స్తంభించాయి. జూన్ 24న ఆఖరి సంచిక వెలువడింది. పది లక్షల ప్రతులు. దానికోసం జనం అర్ధరాత్రి నుండి వరుసల్లో నిలబడ్డారు. ఆ వరుసల్లో అంతకుముందు ఆ పత్రికను తిట్టినవారు కూడా ఉండి ఉంటారు. 2025 డిసెంబరు 15న న్యాయస్థానం ఆయనను విదేశీ శక్తులతో కుమ్మక్కయిన నేరానికి దోషిగా తీర్చింది. జైలులో ఆయన సిలువపై ఉన్న ప్రభువు బొమ్మలు గీస్తూ వచ్చారు.

ఒక పత్రిక చేసిన పాపం పాపమే. దానికి క్షమాపణ ఉంది, పరువునష్టం దావా ఉంది, చందా మానుకోవడం ఉంది. వార్త చెప్పినందుకు చెర మాత్రం దానికి మందు కాదు. ఈ రెండింటినీ మనం కలిపివేస్తే ఏమవుతుందో చెప్పనివ్వండి. ఒక విలేకరిని పోలీసులు పట్టుకుపోయారని వింటాం. "వాళ్ళంతా అంతే, ఏదో చేసి ఉంటాడులే" అనుకొని కాఫీ త్రాగుతాం. చెరసాల తలుపుకు రెండవ తాళం మనమే వేశాం. రాజుకు ఒక తాళం చాలదు. జనం పట్టించుకోకపోవడమనే ఈ తాళం కూడా ఆయనకు కావాలి. తగిన ఆధారం లేకుండా పొరుగువాని తప్పును మనసులోనైనా నిజమని ఒప్పుకోవడం దుడుకు తీర్పు అని సత్యోపదేశం బోధిస్తుంది. మనం పాపసంకీర్తనంలో ఎన్నిసార్లు దీనిని చెప్పుకున్నాం?

మన దేశంలోనూ ఇది జరుగుతుంది. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వ్రాసినదానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని తెల్ల ప్రభుత్వం రాజద్రోహం క్రింద జైలుకు పంపింది. 1975లో అత్యయిక పరిస్థితి వచ్చినప్పుడు కులదీప్ నయ్యర్ గారిని స్వతంత్ర భారత ప్రభుత్వమే జైలులో పెట్టింది. 2020 అక్టోబరు 5న కేరళకు చెందిన సిద్దిఖ్ కప్పన్ అనే విలేకరి ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌కు వెళుతుండగా దారిలో అరెస్టయ్యారు. అక్కడ ఒక దళిత యువతిపై జరిగిన ఘోరం గురించి వ్రాయడానికి ఆయన బయలుదేరారు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది; ఇంకొక కేసు వల్ల ఆయన బయటికి వచ్చేసరికి 2023 ఫిబ్రవరి 2. ఈ మధ్యలో ముసలి తల్లిని చూడడానికి అయిదు రోజులు మాత్రం అనుమతి దొరికింది. 2021 జూన్‌లో ఆ తల్లి కన్నుమూసింది. కొడుకు జైలులోనే ఉన్నారు. ఆయనపై ఆరోపణల తీర్పు కోర్టుల పని, నాది కాదు. ఆ తల్లి ఏ మతస్థురాలైనా, కొడుకు కోసం వాకిలివైపు చూసిన తల్లి దుఃఖం మరియమ్మ భక్తులకు వేరే వివరించి చెప్పనక్కరలేదు.

ఇక "ఎవర్ని నమ్మమంటారు?" అన్న ప్రశ్న మిగిలింది. దీనికి సువార్తలోనే ఒక ఉదయం ఉంది. ప్రభువు ఉత్థానమైన రోజు ఖాళీ సమాధి దగ్గరనుండి రెండు వార్తలు బయలుదేరాయి. ఒకటి కావలివారిది. మత్తయి సువార్త చివరి అధ్యాయం చూడండి: వారికి పెద్దలు చాలా ధనం ఇచ్చి, మేము నిద్రపోతుండగా శిష్యులు వచ్చి దేహాన్ని ఎత్తుకుపోయారని చెప్పమన్నారు. నిద్రపోయినవాడు దొంగను ఎలా చూశాడో ఎవరూ అడగలేదు! ఆ కథ యూదులలో వ్యాపించింది. రెండవ వార్త స్త్రీలది. వారికి ఎవరూ కాసు ఇవ్వలేదు. ఆ వార్తను అపోస్తలులే నమ్మలేదు, పిచ్చిమాటలుగా తీసివేశారని లూకా వ్రాశారు. డబ్బిచ్చిన వార్త పరుగెత్తింది. నిజమైన వార్తకు సొంతవారి ఇంట్లోనే చోటు దొరకలేదు.

అయితే ఒకరు లేచారు. పేతురు సమాధి దగ్గరకు పరుగెత్తి, వంగి లోపలికి చూశాడు. స్త్రీలు చెప్పారని వెంటనే నమ్మలేదు, స్త్రీలు చెప్పారని కొట్టివేయనూ లేదు. వెళ్ళి చూశాడు. మన ఇళ్ళలో చేయవలసినది కూడా ఇంతకంటె పెద్దదేమీ కాదు. ఒక వార్త వినగానే, దీనిని ఎవరు చెప్పారు, చెప్పినవాడు అక్కడ ఉన్నాడా, పేరు పెట్టి చెప్పాడా, ఇంకెవరైనా వేరుగా చెప్పారా, తప్పయితే దిద్దుకునే అలవాటు వారికుందా అని అడగడం. ఇంట్లో ఒకే పక్షపు పత్రిక వస్తుంటే నెలకొకసారైనా పక్కింటివారి పత్రిక అడిగి చదవడం.

వింత ఏమిటంటే, పత్రికలను నమ్మను అనేవారే వాట్సాప్‌లో ఎవరు వ్రాశారో తెలియని ముక్కను పదిమందికి పంపుతున్నారు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఇటువంటి ముక్కలే తెలుగు జిల్లాలలో కూడా ఊరూరా పాకాయి. భాష రాని బాటసారులను, మతి స్థిమితం లేనివారిని పట్టుకొని కొట్టారు. ప్రాణాలు పోయాయి. ఆ ముక్కను మొదట ఎవరు వ్రాశారో గాని, దానిని పంపినవారిలో చాలామంది బిడ్డలను ప్రేమించే మంచి తల్లిదండ్రులే. విలేకరి తప్పు వ్రాస్తే పేరు ఉంటుంది, కార్యాలయం ఉంటుంది, నిలదీయవచ్చు. ఈ ముక్కలకు తండ్రి ఎవరు?

విచారణ పెద్దలకూ యువజనులకూ ఒక చిన్న సూచన. విశ్వాసుల ప్రార్థనలో రోగులకోసం, ప్రయాణీకులకోసం వేడుకుంటాం. చెరలో ఉన్న వార్తాహరులకోసం, జైలు వాకిళ్ళలో నిలబడే వారి కుటుంబాలకోసం ఒక వాక్యం చేర్చండి. చెరలో ఉన్నప్పుడు నన్ను చూడవచ్చారు అని ప్రభువు తీర్పు దినాన అనబోయేది మనం పరీక్షించి మంచివారని తేల్చుకున్న ఖైదీల గురించి మాత్రమే కాదు. మీ ఊరి విలేకరి ఇసుక లారీల మీదనో, రేషను బియ్యం మీదనో నిజం వ్రాసి చిక్కులో పడితే, ఆయన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చోండి. యిర్మీయాను బురద గోతిలో దించినప్పుడు రాజుతో ఆయన పక్షాన మాట్లాడినది యూదుడు కాదు, ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడు. తాళ్ళతోపాటు పాత గుడ్డపేలికలు కూడా తెచ్చి, తాళ్ళు ఒరుసుకోకుండా వీటిని చంకల క్రింద పెట్టుకోమని ప్రవక్తకు చెప్పాడు.

చివరగా, తీతు గురువుగారి కడపటి గడియల గురించి మనకు ఎలా తెలిసింది? డాఖావు ఆసుపత్రి గోడల మధ్య సాక్షులు చాలా తక్కువ. చెప్పినది ఆయనకు ఆ సూదిమందు వేసిన నర్సే. ఆమె కతోలిక కుటుంబంలో పుట్టి విశ్వాసం వదలుకున్న యువతి. ఆయన ఆమెతో కోపంగా మాట్లాడలేదు. తోటి ఖైదీ ఒకరు చేసి ఇచ్చిన తన జపమాలను ఆమె చేతిలో పెట్టారు. నాకు జపం రాదంటే, మంగళవార్త జపంలో పాపులమైన మాకోసం ప్రార్థించమని అమ్మను అడిగే చివరి భాగం మాత్రం చెప్పుకోమన్నారు. ఎన్నో సంవత్సరాల తరువాత ఆమె వచ్చి, తన చేతులతో చేసినది తానే శ్రీసభ విచారణలో సాక్ష్యం చెప్పింది. శ్రీసభ విన్నది, విన్నంత మాత్రాన ఒప్పుకోలేదు. ఇతర ఖైదీల సాక్ష్యాలతో సరిచూసింది, పత్రాలు తీసింది, దశాబ్దాలు తీసుకున్నది. 1985 నవంబరు 3న రెండవ జాన్ పాల్ జగద్గురువులు ఆయనను ధన్యుడుగా ప్రకటించారు. 2022 మే 15న ఫ్రాన్సిస్ జగద్గురువులు మన కన్యాకుమారి ప్రాంతపు వేదసాక్షి దేవసహాయం గారితోపాటు ఒకే పూజలో పునీతుడుగా ప్రకటించారు. ఆ నర్సు అసలు పేరును మాత్రం విచారణాధికారులు దాచి, మారుపేరుతోనే ఆమె సాక్ష్యాన్ని నమోదు చేశారు.